మామగారి చెయ్యి, అల్లుడి స్వింగు

వీడియో చూడందే అల్లుడికి చెయ్యి ఆడేది కాదు. ఇదేదో తమాషాకి అంటున్న మాట కాదు. గుడ్డు ఉడకబెట్టాలన్నా వీడియో, గొడుగు మడవాలన్నా వీడియో. ఆవలింత సగంలో ఆగిపోతోందని దానికి కూడా ఒక వీడియో చూశాడని వాళ్లావిడే ఒట్టేసి చెప్పింది.

ఒకసారి వీడియో చూసుకుంటూ తన జుట్టు తనే కత్తిరించుకున్నాడు. ఎడమవైపు పూర్తయ్యేసరికి ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది. ఛార్జింగ్ పెట్టి మళ్లీ చూద్దామంటే ఆ వీడియోనే తీసేశారు. ఇంకోటి చూడమంటే వినలేదు. "ఒక గురువుగారు మొదలుపెట్టిన తలని ఇంకో గురువుగారి చేతిలో పెట్టడం మర్యాద కాదు" అన్నాడు. పదకొండు రోజులు సగం తలతో తిరిగాడు. అతను చేసేది లిఫ్టుల రిపేరు పని. ఆ పదకొండు రోజులూ అతను బాగుచేసి వెళ్లిన ప్రతి బిల్డింగులోనూ జనం ఆ తలని తలచుకుని మెట్లెక్కారు.

ఇలాంటి మనిషికి మామగారు గోల్ఫ్ కోచ్. అదీ అలాంటిలాంటి కోచ్ కాదు. ముప్పై రెండేళ్లు గోల్ఫ్ క్లబ్బు గ్రౌండులో నిలబడి, స్టిక్ పట్టడం రానివాళ్ల చేత బంతిని రెండొందల గజాలు కొట్టించినవాడు. తప్పు స్వింగు కంటపడితే ఆయనకి ఒళ్లు మండిపోయేది. రోడ్డు ఊడ్చేవాడి చీపురు పట్టు సరిగ్గా లేదని బస్సు ఆపించి దిగి, సరిచేసి, మళ్లీ ఎక్కిన మనిషి. బస్సులో జనం ఏమీ అనలేదు. అంటే వాళ్లు కూర్చున్న తీరు కూడా సరిచేస్తారని భయం.

పోయిన చలికాలం కోచ్ గారికి పక్షవాతం వచ్చింది. కాలు కోలుకుంది. నోటికి ఏమీ కాలేదు, ఆ సంగతి ఆస్పత్రి నర్సులు మొదటి గంటలోనే గ్రహించారు. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది. కూతురు ఆయన్ని తమ ఇంటికి తెచ్చుకుంది. డాక్టరు రెండే మాటలు చెప్పాడు: చేతికి రోజూ పని చెప్పాలి, మొదటి ఆరు నెలలే ముఖ్యం. రెండోది, ఆయన ఉలిక్కిపడేలాంటి పనులు ఇంట్లో ఎవరూ చెయ్యకూడదు.

క్లబ్బు సెక్రటరీ పళ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చాడు. "సీజను మొదలయ్యేదాకా మీ చోటు మీకే ఉంచుతాం కోచ్ గారూ. ఆ రోజు వచ్చి ఒక్క బంతి కొట్టి చూపించండి, చాలు" అన్నాడు. కొట్టలేకపోతే ఏమవుతుందో అతను చెప్పలేదు, ఆయన అడగలేదు. సీజనుకి సరిగ్గా ఆరు నెలలుంది.

ఆ వారమే ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చింది. పసుప్పచ్చ స్పాంజి బంతి ఒకటి ఆయన కుడి అరచేతిలో పెట్టి, "నెమ్మదిగా పిసకండి తాతగారూ" అంది.

ఒక్క వాక్యంలో రెండు తప్పులు.

"ఇక్కడ తాతగారెవరమ్మా?" అన్నారు కోచ్ గారు. "పైగా బంతిని పిసకమంటావా? బంతిని పిసికేవాణ్ణి మేము గ్రౌండు గేటు కూడా దాటనివ్వం."

"ఇది వ్యాయామం అండీ. ఇంకా చాలా ఉన్నాయి, ఒక్కొక్కటే చేద్దాం."

"ఇంకా ఉన్నాయా? అయితే మొదటిది కూడా వద్దు."

ఆ అమ్మాయి నాలుగు రోజులు వచ్చింది. అయిదో రోజు రావద్దని ఆయనే చెప్పేశారు. కూతురు బతిమాలింది, కోప్పడింది, ఆఖరికి అన్నం మానేస్తానని బెదిరించింది. "మానెయ్యమ్మా, నీకూ కాస్త ఒళ్లు తగ్గుతుంది" అన్నారు. ఆ తర్వాత రోజంతా బాల్కనీలో కుర్చీ వేసుకుని, కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువుని చూసినట్టు దాన్ని చూస్తూ కూర్చునేవారు. అల్లుడు గుమ్మంలో నిలబడి కాసేపు ఆయన్ని చూసి, పనికి వెళ్లిపోయేవాడు.

వారం తిరిగింది. ఒక పొద్దున కోచ్ గారు ఎడమ చేత్తో కాఫీ కప్పు పట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా అల్లుడు. చేతిలో ఆయన ఏడో నంబరు గోల్ఫ్ స్టిక్. కాళ్ల దగ్గర ఒక మేజోళ్ల ఉండ. పూలకుండీ మీద ఫోను. అల్లుడు స్టిక్‌ని నెత్తి మీదికెత్తి, కుడి మోచేతిని కోడిరెక్కలా చాపి, ఒక కన్ను మూసి, బలమంతా పెట్టి ఊపాడు. ఉండకి తగల్లేదు. కుర్చీ కోడుకి తగిలింది.

కోచ్ గారు అదిరిపడ్డారు. ఉలిక్కిపడకూడదన్న డాక్టరు మాట ఆ పొద్దున్నే గాలికి పోయింది.

"ఏం చేస్తున్నావు అల్లుడూ?"

"గోల్ఫ్ నేర్చుకుంటున్నా మామయ్యా. వీడియో చూసి."

"ఇంట్లో కోచ్‌ని పెట్టుకుని?"

"మీకు ఒంట్లో బాగాలేదు కదండీ. ఇబ్బంది పెట్టడమెందుకని."

"ఆ మోచెయ్యి ఏమిటి, అలా ఎగిరిపోతోంది?"

"దాన్ని స్వేచ్ఛగా వదిలెయ్యాలట. ఈ గురువుగారు చెప్పారు."

కోచ్ గారు ముప్పై రెండేళ్లలో ఎందరో మూర్ఖుల్ని చూశారు కానీ, మూర్ఖత్వాన్ని పాఠంగా చెప్పేవాడుంటాడని ఆయన ఊహించలేదు. "మోచెయ్యి పక్కటెముకలకి ఆనాలిరా బాబూ. చంకలో తువ్వాలు పెట్టుకో, అది జారకుండా చెయ్యి ఊపు. ఇలాగ" అని ఎడమ చంకలో తువ్వాలు పెట్టుకుని చూపించారు.

అల్లుడు బుర్ర గోక్కున్నాడు. "తప్పు కుడి మోచేతిదన్నారు కదండీ. మీరు చూపించింది ఎడమది. నేను వీడియో మనిషిని మామయ్యా. కళ్లతో చూసింది చూసినట్టు చేస్తాను. తిప్పి ఆలోచించమంటే నా వల్ల కాదు."

కోచ్ గారు పళ్లు నూరుతూ తువ్వాలు కుడి చంకలోకి మార్చారు. అది జారి పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. తువ్వాలు కూడా తన మాట వినకపోవడంతో ఆయనకి రోషం పొడుచుకొచ్చింది. పన్నెండోసారి అది ఒక్క క్షణం నిలబడింది.

"చూశావా?"

"ఇప్పుడర్థమైంది మామయ్యా. రేపట్నుంచి మోచెయ్యి కదిలితే నన్ను అడగండి."

మోచెయ్యి నిజంగానే కదల్లేదు. మర్నాటికి గురువే మారిపోయాడు. ఈ కొత్త గురువు స్టిక్‌ని అరచేత్తో కాకుండా రెండు వేళ్లతో, సిగరెట్టు పట్టుకున్నట్టు పట్టమన్నాడట. ఆ ఘోరం చూడలేక కోచ్ గారు తన కుడి చేతి వేళ్లని ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి స్టిక్ మీద అమర్చి, "ఇలా, ఇలా, ఇలా" అని చూపించాల్సి వచ్చింది. ఆ మర్నాడు ఇంకో గురువు. అతగాడు మణికట్టుని తలుపు గొళ్లెంలా తిప్పమన్నాడు. ఆ పై వారం వచ్చిన గురువు భుజాన్ని చెవికి ఆనించమన్నాడు. రోజుకో గురువు, రోజుకో వికారం. కోచ్ గారు పొద్దున్నే లేచి ఇవాళ ఏం చూడాల్సి వస్తుందో అని భయపడుతూ మొహం కడుక్కునేవారు. కానీ బాల్కనీకి మాత్రం అల్లుడి కంటే ముందే వచ్చి కూర్చునేవారు.

ఇక మేజోళ్ల ఉండల సంగతి. అవి అల్లుడు గురిపెట్టిన వైపు తప్ప అన్ని వైపులకీ వెళ్లేవి. ఒకటి కింద అంతస్తు లాయరమ్మ గారి బాల్కనీలో, ఆవిడ కాఫీ కప్పులోనే పడింది. ఆవిడ పైకొచ్చి, తడి మేజోడు రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది ఎడమ కాలిది. కుడిది ఎన్నింటికి పంపిస్తారో చెబితే అప్పుడే కాఫీ కలుపుకుంటాను" అంది.

"క్షమించండి మేడం. ఈ గురువు దూరం బాగా నేర్పుతున్నాడు" అన్నాడు అల్లుడు.

"దిక్కు నేర్పే గురువు దొరికితే నాకూ చెప్పండి" అని వెళ్లిపోయింది.

అన్నిటికంటే దారుణమైన గురువు మూడో నెలలో వచ్చాడు. స్టిక్ ఎంత ఎత్తుకి లేపాలో తెలియాలంటే ముందు గోడకి ఎదురుగా నిలబడి, వేళ్లని సాలీడులా పైకి పాకించి, పెన్సిలుతో గీత పెట్టుకోవాలట.

కోచ్ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "గోల్ఫ్‌లో గోడెక్కడుందిరా? గ్రౌండులో నీకు గోడ ఎవడు కట్టిస్తాడు? స్టిక్ లేపడానికి కొలతలక్కర్లేదు. చెయ్యి భుజం ఎత్తు దాటితే చాలు."

"భుజం ఎత్తంటే ఎంతండీ?"

"భుజం ఎంత ఎత్తుంటే అంత."

"అదే, గోడ మీద చూపిస్తే నేను గీత పెట్టుకుంటాను. గురువుగారి గీతా మీ గీతా పోల్చి, ఎవరిది తప్పో చూద్దాం."

ఆ మాటకి పౌరుషం వచ్చి కోచ్ గారు కుడి చేతి వేళ్లని గోడకానించి పైకి నడిపించారు. అవి నడుం ఎత్తు దాటి, ఇంకో జానెడు వెళ్లి, అక్కడ ఆగిపోయాయి. ఎంత తిట్టినా కదల్లేదు.

"ఇదేనాండీ భుజం ఎత్తు?" అన్నాడు అల్లుడు, పెన్సిలు పట్టుకుని, ఎంతో అమాయకంగా.

కోచ్ గారు గోడని ఎగాదిగా చూశారు. "ఈ గోడ వంకరగా ఉంది. రేపు చూపిస్తాను" అన్నారు.

రేపు ఇంకో రెండు వేళ్ల ఎత్తున గీత పడింది. ఆ మర్నాడు ఇంకొక వేలు. గోడ రోజురోజుకీ తిన్నబడుతోందని కోచ్ గారు ఒప్పుకున్నారు. కూతురు మాత్రం గుండెలు బాదుకుంది. "రంగు వేయించి రెండు నెలలు కాలేదు నాన్నా. పది మంది పిల్లల ఎత్తు కొలిచే ఇంట్లో కూడా ఇన్ని గీతలుండవు."

"నన్నంటావేంటి? మీ ఆయన్నీ, వాడి దిక్కుమాలిన గురువునీ అను."

ఆ రోజుల్లోనే లాయరమ్మ గారు మళ్లీ పైకొచ్చింది. ఈసారి చేతిలో మేజోడు లేదు. వాళ్ల ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగిపోయిందట. లోపల ఆవిడా ఇంకో ముగ్గురూ. పైన మెషిన్ గదిలో అల్లుడు రిపేరు చేస్తున్నాడు. పక్కన ఫోన్లో వీడియో మోగుతోంది. ఆ గొంతు లిఫ్టు దారిలోంచి కిందికి వినబడుతుంటే, అది తమకే చెబుతున్నారనుకుని నలుగురూ బుద్ధిగా చేశారట.

"ఏమని చెప్పాడు?" అన్నారు కోచ్ గారు.

"భుజాలు వదులుగా వదలండి. ఊపిరి తీసుకోండి. చెయ్యి మెల్లగా లేపి పది లెక్కపెట్టండి. నొప్పి అనిపిస్తే ఆపెయ్యండి. అరగంట అలా చేశాం. పదేళ్ల నా మెడనొప్పి పోయిందండీ. ఇప్పుడు మా ఆఫీసులో మెడ పట్టేసినవాళ్లంతా లిఫ్టు మళ్లీ ఎప్పుడాగుతుందా అని దాన్లోనే తిరుగుతున్నారు."

ఆవిడ మెడ గురించి కోచ్ గారికి పట్టలేదు. ఆయన మొహం తెల్లబడింది. "నొప్పి వస్తే ఆపెయ్యమన్నాడా? స్టిక్ గాల్లో ఉండగా ఆపి పది లెక్కపెట్టమన్నాడా? గోల్ఫ్‌ని సర్వనాశనం చేస్తున్నాడు. ఈ దగుల్బాజీ ఎవడో తేల్చాల్సిందే."

ఆ సాయంత్రమే అల్లుణ్ణి నిలదీశారు. "నీ గురువుని చూపించు."

"మొహం చూపించరండీ. నడుం నుంచి పైకి, మెడ నుంచి కిందికి కనిపిస్తారు."

"మిగిలినదైనా చూపించు."

"ఛార్జింగ్ లేదు మామయ్యా."

తర్వాతి రోజు నెట్ లేదు. ఆ తర్వాత ఫోను బండిలో మర్చిపోయాడు. కోచ్ గారు మనసులో ఆ గురువుకి రాయాల్సిన ఉత్తరం మూడు పేజీలు తయారుచేసుకున్నారు. అందులో రెండున్నర పేజీలు తిట్లే. ఇక పేరొక్కటే కావాలి.

సీజను మూడు వారాల్లో పడుతుందనగా అవకాశం చిక్కింది. అల్లుడు స్నానానికి వెళ్లాడు. ఫోను పూలకుండీ మీదే ఉండిపోయింది, వీడియో మధ్యలో ఆగి ఉంది. కోచ్ గారు అటూ ఇటూ చూసి గబుక్కున దాన్ని తీసుకుని కళ్లజోడు సర్దుకున్నారు.

తెర మీద గోల్ఫూ లేదు, గురువూ లేడు. కుర్చీలో ఒక పెద్దావిడ కుడి చంకలో తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. కింద అక్షరాలు: పక్షవాతం తర్వాత భుజానికీ చేతికీ వ్యాయామాలు, పద్నాలుగో పాఠం.

ఆయన చూసిన వీడియోల జాబితాని వెనక్కి జరిపి చూశారు. అంతకుముందు చూసినది: వేళ్లు విడదీయడం. దాని ముందు: గోడ మీద వేళ్లు నడిపించడం. దాని ముందు మణికట్టు. ఆర్నెల్ల కిందటిదాకా వెళ్లారు. గుడ్డు ఉడకబెట్టే వీడియోలున్నాయి, గొడుగు మడిచేవి ఉన్నాయి. గోల్ఫ్ వీడియో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇన్నాళ్లూ తాను పొద్దున్నే లేచి తిట్టిపోసిన గురువుల్లో ఒక్కడు కూడా ఈ భూమ్మీద పుట్టలేదు.

ఆయన నోరు తెరుచుకుని ఉండగానే ఫోను కిర్రుమంది. ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజి: 'నిన్న ఎన్నిసార్లు చేశారు?' పైన పాత మెసేజీలు వరసగా ఉన్నాయి.

'గోడ పన్నెండుసార్లు. మామూలుగా ఎనిమిదే. కోపం ఎక్కువైతే పన్నెండు.'

'బాగుంది. రేపు ఇంకొంచెం కోపం తెప్పించండి.'

'రేపటి తప్పు: స్టిక్‌ని తెడ్డులా పట్టుకుంటా. మణికట్టు తిప్పి చూపిస్తారు. సరిపోతుందా?'

'సరిపోతుంది. ఎల్లుండి బొటనవేలు పెట్టండి.'

'బొటనవేలికి ఏం తప్పు చెయ్యాలో తోచడం లేదు. రాత్రికి ఆలోచించి చెబుతా.'

కోచ్ గారు బిగుసుకుపోయారు. చూసుకుంటే ఫోను పట్టుకున్నది కుడి చెయ్యి. దాన్ని అది ఎప్పుడు పట్టుకుందో ఆయనకే తెలియదు. వీడియో లేనిదే గొడుగు మూయలేని మనిషి, గోల్ఫ్ ఓనమాలు తెలియకుండా, అంతంత ఘోరమైన స్వింగుల్ని రోజుకొకటి చొప్పున తన సొంత బుర్రతో కనిపెట్టాడు. అదెలా సాధ్యమో ఎంత ఆలోచించినా ఆయనకి అంతుపట్టలేదు.

బాత్రూములో నీళ్ల చప్పుడు ఆగింది. ఆయన ఫోను యథాస్థానంలో పెట్టి, కుర్చీలో కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు తుడుచుకున్నారు.

అల్లుడు తడి తలతో వచ్చాడు. "మామయ్యా, ఇవాళ్టి గురువుగారు స్టిక్‌ని తెడ్డులా పట్టమన్నారండీ."

కోచ్ గారు అతన్ని కాసేపు అలాగే చూశారు. "దరిద్రుడు. ఇలా తే" అన్నారు. ఆ రోజు మణికట్టు ఇరవైసార్లు తిప్పి చూపించారు. తిట్లు కూడా తగ్గకుండా చూసుకున్నారు. తగ్గితే అవతల లెక్క తప్పుతుంది.

మర్నాడు అల్లుడు ఇంకా స్టిక్ ముట్టుకోకముందే, "బొటనవేలు కిందికి. మిగతా నాలుగూ దగ్గరికి. ఇలా చూడు" అని తన వేళ్లు ఆడించడం మొదలుపెట్టారు.

అల్లుడు తెల్లమొహం వేశాడు. "నేనింకా తప్పు చెయ్యలేదండీ."

"చేస్తావుగా. ఎంత తొందరగా దిద్దితే అంత మంచిది."

సీజను మొదటి రోజు ముగ్గురూ క్లబ్బుకి వెళ్లారు. పచ్చటి గ్రౌండు, అంచున దూరాన్ని గజాల్లో చూపే తెల్ల బోర్డులు, గొడుగు కింద సెక్రటరీ. కూతురు చీర కొంగు నలుపుతూ నిలబడింది. కోచ్ గారు స్టిక్ తీసుకున్నారు. కుడి చేతి వేళ్లు ఒకటి, రెండు, మూడు అంటూ నెమ్మదిగా వచ్చి పట్టు మీద కూర్చున్నాయి. నాలుగోది ఆలస్యంగా వచ్చింది. ఆయన దాని కోసం ఆగారు. చెయ్యి భుజం దాకా లేచింది, దిగింది. టక్కుమని చప్పుడు.

బంతి ఎనభై గజాలు వెళ్లింది. ముప్పై రెండేళ్లలో ఆయన అంత తక్కువ దూరం ఎప్పుడూ కొట్టలేదు. కానీ గీత గీసినట్టు తిన్నగా వెళ్లింది.

సెక్రటరీ బంతి ఆగిన చోటుని చాలాసేపు చూశాడు. "కొత్తవాళ్లకి కావలసింది తిన్నదనమే కోచ్ గారూ. ఎల్లుండి నుంచి వచ్చెయ్యండి" అన్నాడు. కూతురు కొంగు వదిలేసింది. అల్లుడు వెనక్కి తిరిగి గజాల బోర్డులు చదువుతున్నట్టు నటించాడు.

"ఈ ఆర్నెల్లూ మీ అల్లుడికి నేర్పారట కదా. ఆయన్ని కూడా ఒకటి కొట్టమనండి, చూద్దాం" అన్నాడు సెక్రటరీ.

అల్లుడు జన్మలో మొదటిసారి నిజమైన బంతి ముందు నిలబడ్డాడు. మామగారి పరువు తన చేతుల్లో ఉందని అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. రెండు కళ్లూ తెరిచే ఉంచాడు. శాయశక్తులా ఊపాడు. బంతి ఉన్నచోటే ఉంది. అతను బొంగరంలా ఒక చుట్టు తిరిగి, సెక్రటరీకి ఎదురుగా గడ్డిలో కూర్చున్నాడు. స్టిక్ మాత్రం గాల్లో తేలుతూ వెళ్లి ఆఫీసు గది కప్పు మీద పడింది.

కోచ్ గారు మెల్లగా నడిచి వెళ్లి అతని పక్కన వంగారు.

"ఇది ఏ వ్యాయామం అల్లుడూ? నా చెయ్యి బాగానే ఉంది కదా ఇంక. దాచకు. నాకు తెలిసి మూడు వారాలైంది."

అల్లుడు తల దించుకుని గడ్డి పరక ఒకటి తెంపాడు. "వ్యాయామం కాదు మామయ్యా. నిజంగానే కొట్టాను."

కోచ్ గారు నిలువునా కొయ్యబారిపోయారు. ఆర్నెల్లలో తిన్న షాకులన్నీ ఒకెత్తు, ఇదొక్కటీ ఒకెత్తు. తేరుకుని, కుడి చెయ్యి చాపి అల్లుణ్ణి పైకి లేపి, సెక్రటరీ వైపు తిరిగారు.

"ఎల్లుండి కాదండీ. నేను ఇప్పుడే మొదలుపెడతాను. ఇది అంతవరకూ ఆగే కేసు కాదు."